సముద్రం ఒడ్డున తడవని బూట్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన సంఘ పత్రికలో నా పేరు మీరు చాలాసార్లు చూసే ఉంటారు, పిక్నిక్ ఏర్పాట్లకో, బస్సు ఏర్పాట్లకో కృతజ్ఞతలు చెబుతూ. ఆ ఏర్పాట్లలో ఒకదాని వెనకున్న సంగతి రాయమని ప్రభువు చాలాకాలంగా నన్ను తొందరపెడుతున్నాడు, ఇక తప్పించుకోలేక రాస్తున్నాను.

నేను కాలేజీ హాస్టల్లో పేకాట నేర్చుకున్నాను. అమెరికా వచ్చి జెర్సీ సిటీలో ఇంజనీరుగా కుదురుకున్నాక మానేశాననే అనుకున్నాను, కానీ అట్లాంటిక్ సిటీలో కాసినోలు తెరిచాక ఆఫీసులో ఒక స్నేహితుడు సరదాగా బస్సెక్కించి తీసుకెళ్ళాడు, ఆ తర్వాత అతను మానేశాడు, నేను మానలేదు. శనివారం ఓవర్‌టైమ్ అని ఇంట్లో చెప్పేవాణ్ణి. నా భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు, వారమంతా నైట్ డ్యూటీ చేసి శనివారం ఒక్కరోజు పగలంతా పడుకునేది, ఆమె నిద్రను కూడా నేను నా పాపానికి వాడుకున్నాను. ఆదివారం ఉదయం మాత్రం టై కట్టుకుని సంఘంలో ముందు వరుసలో కూర్చునేవాణ్ణి.

అలా ఉండగా కాసినో వాళ్ళు బ్లాక్‌జాక్ అనే పేకాట పోటీకి నన్ను పిలిచారు. శనివారం ముందు ఆటలు, ఆదివారం ఉదయం చివరి ఆట, ఉండడానికి గది ఉచితం. సరిగ్గా అప్పుడే మనం ఆదివారాలు కూడుకునే అమెరికన్ చర్చిలో బాప్తిస్మపు తొట్టి పగిలి నీరు నిలవడం లేదు, బాప్తిస్మానికి నలుగురు సిద్ధంగా ఉన్నారు, అందులో పద్నాలుగేళ్ళ నా కూతురు గ్రేస్ ఒకతె. నేను లేచి నిలబడి, "తొట్టి ఎందుకండీ, చీరాలలో మా తాతగారు సముద్రంలోనే బాప్తిస్మం పొందారు, దేవుడు ఇక్కడ కూడా సముద్రాన్ని ఇచ్చాడు, అట్లాంటిక్ సిటీకి బస్సు, భోజనాలు అన్నీ నేను చూసుకుంటాను" అన్నాను. పోటీ జరిగే శనివారమే ఖాయం చేయించాను. పాస్టర్ గారు కళ్ళు తుడుచుకుని, ప్రకాశరావు గారికి ఎంత భారముందో చూడండి అన్నారు. సహోదరులారా, ఆ మాటకు నేను తల వంచుకున్నాను, వినయంతో అనుకున్నారు అందరూ.

ఆ ఉదయం బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్ళాం. బాప్తిస్మం మధ్యాహ్నం పన్నెండింటికి. మన సంఘంలో నీళ్ళలోంచి లేచిన వాళ్ళను తండ్రిగానీ భర్తగానీ నీళ్ళలోనే నిలబడి తువ్వాలు కప్పి ఒడ్డుకు తేవడం వాడుక గనుక సుగుణ కొత్త తెల్ల తువ్వాలు నా చేతికిచ్చింది. భోజనాలు తెస్తానని చెప్పి, ఆ తువ్వాలు చంకలో పెట్టుకునే నేను కాసినోలోకి నడిచాను.

ఆ పోటీలో బల్ల దగ్గర అందరికీ సమానంగా పందెం బిళ్ళలిస్తారు. ఆ బిళ్ళలు బయట చెల్లవు, వాటితో కప్పు కాఫీ కూడా రాదు. ముక్కల లెక్క ఇరవై ఒకటి దాటకుండా దానికి దగ్గరగా తెచ్చుకోవాలి, ఆట ముగిసేసరికి ఎవరి ముందు ఎక్కువ బిళ్ళలుంటే వాళ్ళే పై ఆటకు వెళ్తారు. నా పక్కన రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయన కూర్చున్నాడు, నా తువ్వాలు చూసి నవ్వాడు.

"ఈతకొచ్చావా, ఆటకొచ్చావా?"

"బయట సముద్రం దగ్గర మావాళ్ళున్నారు" అన్నాను.

"అవునా? ఇక్కడ ఆట మొదలైనప్పట్నుంచీ వస్తున్నాను, సముద్రం ఎటువైపో నాకింకా తెలీదు" అన్నాడు.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

చివరి పంపకానికి ఆయనకు నాకంటే బిళ్ళలు ఎక్కువున్నాయి. ఉన్నవన్నీ ముందుకు తోశాను, నా ముక్కలు కలిపితే పన్నెండు వచ్చింది. అప్పుడు నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను, ఎలాగంటే, "ప్రభువా, ఈవేళ నా బిడ్డ తన్ను తాను నీకు అప్పగించుకుంటోంది, దాని ముఖం చూసి నాకు తొమ్మిది పంపించు" అని. తొమ్మిది వచ్చింది, ఆ పెద్దాయనను దాటాను. పైకే స్తోత్రం అన్నాను. ఆ ముక్కను దేవుడు పంపాడని నేను అనను, కానీ అలాంటి నోటిని ఆయన అక్కడే మూసివేయకపోవడం ఆయన కృప.

అప్పటికింకా పదకొండు కాలేదు, వెళ్ళిపోవచ్చు. పై ఆట వెంటనే మొదలన్నారు, ఒక్క ఆటే కదా అని కూర్చున్నాను. ఆ లోపల గోడ గడియారం లేదు, కిటికీ లేదు, చేతి గడియారం నేను మళ్ళీ చూడలేదు. గెలిచాను. మర్నాటి చివరి ఆటకు నా పేరు పిలిచి, చొక్కాకు పెట్టుకోమని పేరు రాసిన బిళ్ళ ఇచ్చారు. దాన్ని జేబులో వేసుకుని ఇసుకలో పరుగెత్తాను.

అంతా అయిపోయింది. నా కోసం ఆగి ఆగి, అలలు పెరుగుతున్నాయని పాస్టర్ గారు కానిచ్చేశారట. సంఘ పెద్ద దేవదానం గారు ఆదివారపు ప్యాంటుతోనే నీళ్ళలో దిగి, తన కోటు విప్పి నా బిడ్డకు కప్పి తీసుకొచ్చారు. ఆయన మోకాళ్ళ దాకా తడిసి నిలబడి, "ఏమయ్యా ప్రకాశూ, భోజనాలకు గుంటూరు వెళ్ళొచ్చావా?" అన్నారు. భోజనాల మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

గ్రేస్ వణుకుతూ నావైపు, నా చంకలో మడత విప్పని తువ్వాలు వైపు, నా కాళ్ళవైపు చూసింది. "డాడీ, నీ షూస్ డ్రైగా ఉన్నాయి" అంది. అంతే అంది.

సుగుణ బస్సులోంచి పెద్ద గిన్నెలు దింపించింది. డ్యూటీ నుంచి వచ్చి, పడుకోకుండా సంఘమంతటికీ పులిహోర కలిపి తెచ్చింది. నా చేతికి ప్లేటిస్తూ నాకు మాత్రమే వినపడేలా చెప్పింది. "మీరు తేరని తెలుసండి. సిగరెట్ తాగని మనిషి చొక్కాకి ప్రతి శనివారం సిగరెట్ వాసన ఎందుకొస్తుందో కూడా తెలుసు. మీరే చెబుతారని చూస్తున్నాను."

అయినా సాయంత్రం బస్సు బయల్దేరేవేళ, మీరు వెళ్ళండి, నాకు ఇక్కడ పనుంది అనే అబద్ధం నా నాలుక మీద సిద్ధంగా ఉంది, జేబులో ఆ బిళ్ళను వేళ్ళతో తడుముకుంటున్నాను. అందరూ ఎక్కేశారు. నేను ఒక్కణ్ణే కింద నిలబడి, "ప్రభువా, నాకు గెలుపు వద్దు, ఈ ఒక్క మెట్టు ఎక్కే బలమియ్యి" అన్నాను. పొద్దున తొమ్మిది అడిగిన నోటితోనే అడిగాను, ఆయన విసుక్కోలేదు. ఎక్కాను. పాటల కోసం పెట్టిన మైకు తీసుకుని ఆ ఉదయం ఎక్కడున్నానో, ఆ శనివారాలన్నీ ఎక్కడున్నానో చెప్పేశాను. గ్రేస్ కిటికీ వైపు తిరిగిపోయింది. చివరికి సుగుణే అడిగింది, "రేపు ఉదయం ఎక్కడుంటారు?"

"చర్చిలో" అన్నాను.

ఉన్నాను. చివరి ఆట వేళకు పాటల పుస్తకంలో వేరే పేజీ తెరిచి పెట్టుకున్నాను, శాంతి గింతి ఏమీ కలగలేదు, మనసు ఆ బల్ల దగ్గరే ఉంది. అయినా శరీరాన్ని బెంచీ మీద ఉంచాను. ఆ రోజునుంచి నా జీతం సుగుణ చేతికే వెళ్ళింది. ప్రతి శనివారం దేవదానం గారు పొద్దున్నే ఫోన్ చేసి, "లేచావా, హాల్లో కుర్చీలు వెయ్యాలి రా" అని చర్చికి లాక్కెళ్ళేవారు. ఆ చలికాలంలో ఒకసారి బస్‌స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి ఆయన దగ్గరికే వచ్చాను, ఆయన ఏమీ అడగకుండా చీపురు చేతికిచ్చారు. కోరిక ఒక్కరోజులో చావలేదు సహోదరులారా, ప్రతి శనివారం ఉదయం మళ్ళీ అదే మెట్టు ఎక్కాల్సి వచ్చింది, ఎక్కించినవాడు దేవుడు, మహిమ అంతా ఆయనదే.

గ్రేస్ నాతో మామూలుగా మాట్లాడడానికి చాలాకాలం పట్టింది, తొందరపెట్టే హక్కు నాకు లేదు. మరుసటి ఎండాకాలం నుంచి సముద్రంలో ఎవరికి బాప్తిస్మం జరిగినా, వాళ్ళకు తండ్రి దగ్గర లేకపోతే, తువ్వాలు పట్టుకుని నీళ్ళలో నేనే నిలబడతాను. మొన్న కూడా దిగుతుంటే, ఇప్పుడు సండే స్కూల్ చెప్పే నా కూతురు ఒడ్డునుంచి కేకేసింది, "డాడీ, షూస్ విప్పి దిగొచ్చు కదా, ప్రతిసారీ పాడుచేస్తావ్!"

నేను విప్పలేదు. ఎందుకో ఆమెకు తెలుసు, నవ్వింది.

ఇది చదువుతున్న సహోదరుడా, నీ జేబులోనూ ఏదో బిళ్ళ ఉండవచ్చు. దారంతా ఒక్కసారే నడవమని ఆయన నిన్ను అడగడం లేదు. ముందున్న మెట్టు ఎక్కు, పైనుంచి పట్టుకునే చెయ్యి ఉంది. ఈ శనివారం నీకు ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే చర్చికి రా, నేను పొద్దున్నే వచ్చి కుర్చీలు వేస్తుంటాను.