అక్క లెక్కల పుస్తకం మీద శని చంద్రుడు

జూన్, ఆదివారం. ముసురు. పొద్దున మనవరాలి నోటుబుక్కులకు అట్టలు వేశాను.

మా చిన్నప్పుడు... బడి తెరిచే ముందు ఆదివారం నాన్న నన్నూ అక్కనూ నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు నడిపించుకుపోయేవాడు. మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచేవారు. విదేశీ పత్రికలు రెండు మూడు తెచ్చుకునేవాళ్లం... చదవడానికి కాదు, అట్టలకు. ఆ కాగితం దళసరిగా, నున్నగా ఉండేది.

ఒక ఏడు వాటిలో శనిగ్రహం చుట్టూ తిరిగే చంద్రుల ఫొటోలు ఉన్నాయి. అంతరిక్ష నౌక తీసినవని నాన్న చెప్పాడు. ఒక చంద్రుడికి ఒక పక్కన పెద్ద గుంత... ఆ చంద్రుడి పేరు మిమాస్ అని పెద్దయ్యాక సొంతంగా ఇంగ్లీషు నేర్చుకుని తెలుసుకున్నాను.

ఇంటికొచ్చి నేను అన్నం తినేలోపు అక్క ఆ కాగితాన్ని తన లెక్కల పుస్తకానికి వేసేసింది. బొమ్మ లోపలికి, అక్షరాలు పైకి. పైన బొమ్మలు కనబడితే వాళ్ల టీచరమ్మ ఊరుకోదు.

"అక్కా, జర ఇప్పవే... ఒక్కసారి చూస్త."

"జిగురు పెట్టిన. పరీక్షలైనంక చూస్కో."

"అప్పటికి రద్దీ కాగితాలల్ల పోతది!"

"పోతే పోనీ. చందమామ మనింటి మీద లేడా ఏంది?"

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున చూస్తే, పుస్తకం మీద చంద్రుడు పైకి ఉన్నాడు. అట్ట తడిపి, విప్పి, తిరగేసి అతికించింది. పేరు చీటీ కూడా గుంతకు తగలకుండా పక్కన పెట్టింది.

"చూస్కో. జొన్నరొట్టె మీద బుగ్గ పగిలినట్టుంది" అని, అదే పుస్తకం సంచిలో పెట్టుకుని బడికి పోయింది.

ఆ సాయంత్రం అక్క చెంచాతో అన్నం తింది.

"ఏందే, దొరసానివైనవా?" అంది అమ్మ.

"వేలికి పెన్సిలు గుచ్చుకుంది" అంది. నేను నమ్మాను.

ఇవాళ మిమాస్ ఫొటో ఫోన్‌లో కనబడితే అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"ఔరా, గీ గుంతదే కదా... దీనికి నాలుగు దెబ్బలు తిన్న."

"ఏం దెబ్బలు?"

"టీచరమ్మ స్కేలుతోని. చెంచాతోని తిన్న చూడు, గా దినం."

ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు.

ఇప్పుడు అట్టలకు గోధుమరంగు కాగితం వస్తోంది, రెండు వైపులా ఏమీ ఉండదు. శని చంద్రుల ఫొటోలు ఫోన్‌లో ఎన్ని కావాలంటే అన్ని... ఒక్కదాని కోసం ఎవరూ అట్ట తిరగేయనక్కర్లేదు.

మీ పుస్తకాల అట్టల మీద ఏ బొమ్మలుండేవో, ఎవరు వేసిచ్చేవారో రాయండి.

వాన తగ్గింది. అక్క ఇల్లు లక్డీకాపూల్‌లోనే, నడిచిపోయేంత దూరం. గొడుగు తీసుకుని...