పెద్దాయన లేచేదాకా

కెనడాలో చదువుకున్న ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది చలి కాదు, నిద్ర. మన పిల్లలు విమానాల కొద్దీ వచ్చి దిగుతున్న కాలం అది. మా కాలేజీ అంటే ఒక టైర్ల షాపు పైన నాలుగు గదులు (సంప్రదాయం అంటూ ఏదైనా ఉంటే, అది లిఫ్టు పనిచెయ్యకపోవడమే). పగలు క్లాసులు, రాత్రి కిచెనర్ ఊరి అవతల బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్. మధ్యలో బస్సులో పడే కునుకునే నిద్ర అనుకునేదాన్ని.

మా పక్కింట్లో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ అంకుల్ ఉండేవారు, గుంటూరాయన. నా మొహం చూసి జాలిపడి, తను పాఠాలు చెప్పిన పాతకాలపు కాలేజీలో విందుకి అతిథిగా తీసుకెళ్లారు. ఎనిమిదింటి బస్సు తప్పితే షిఫ్టు పోతుందనీ, ఇంకోసారి నాగా పెడితే పనే పోతుందనీ ముందే చెప్పాను. అంతసేపు పట్టదులెమ్మన్నారు.

ఆ హాలు చూస్తూ గుమ్మంలోనే ఆగిపోయాను. రాతి గోడలు, రంగు అద్దాల కిటికీలు, తల వెనక్కి వాల్చితే గాని కనబడని చెక్క కప్పు. అందరికీ నల్ల గౌన్లు. నాకూ ఒకటి తొడిగారు (వెచ్చగా ఉంది, అదే ప్రమాదం). చివర అరుగు మీద వేసిన హై టేబుల్ దగ్గర కాలేజీ అధిపతి, తలంతా నెరిసిన పెద్దాయన. ఆయన పక్కన నేను, నా పక్కన అంకుల్. లాటిన్‌లో ప్రార్థన చదువుతుంటే నిలబడే కునికాను.

మా ఇంట్లో బంతిలో పెద్దవాళ్లు లేవకముందే పిల్లలు లేస్తే వీపు మీద ఒకటి పడేది. అందుకని పెద్దాయన చెంచా వదిలేదాకా నేనూ వదలకూడదని, పుడ్డింగు ఆవగింజంత చొప్పున తింటూ కూర్చున్నాను. ఆయనా ఆవగింజంత తీసుకుని నా వైపు చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కింద బల్లల దగ్గర ఖాళీ ప్లేట్ల ముందు కూర్చున్న కుర్రాళ్లంతా మా ఇద్దరినే చూస్తున్నారు. గడియారం ఎనిమిదికి దగ్గరపడుతోంది. ఈ వయసులో ఈయనకి తీపంటే ఇంత పిచ్చేమిటని లోపల తిట్టుకున్నాను. ఇక్కడి పద్ధతీ మన పద్ధతీ రెండూ తెలిసిన అంకుల్ మాత్రం హాయిగా గురక పెడుతున్నారు.

చివరికి ఆయన్ని మోచేత్తో పొడిచి, "అంకుల్, ఈయన ఎప్పుడు లేస్తడు? నా బస్సు పోతది" అన్నాను. ఆయన నా మీదుగా వంగి పెద్దాయనతో ఏదో మాట్లాడి, కళ్లజోడు సర్దుకున్నారు.

"అతిథి చెంచా కింద పెట్టకుండా ఆయన లేవకూడదమ్మాయ్. పాపం షుగర్ మనిషి, నీ కోసం తింటా ఉన్నారు."

"నేను ఆయన కోసమే తింటున్న అంకుల్."

చెంచా పెట్టేశాను. పెద్దాయన లేచారు, హాలంతా లేచింది. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

పని కూడా పోయింది. గదికొచ్చి, ఏడుద్దామని మంచం మీద కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి తెల్లారింది, కాళ్లకి బూట్లు అలాగే ఉన్నాయి. నెలల తర్వాత కంటినిండా నిద్రపోయింది ఆ రాత్రే. తర్వాత ఇంకో పని దొరికింది, అక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చింది, మిల్టన్‌లో ఇల్లూ అమిరింది. ఇప్పుడు ఆ పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది. ఎదురుగా కనబడితే మాత్రం భోజనానికి పిలవను. దుప్పటి కప్పి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి వస్తాను.