కోటగుళ్లలో గంగి పురుడు

నాట్లు వేయడంలో గంగిని మించిన కూలీ ఘనపూర్ చుట్టుపక్కల తండాల్లో లేదు. ఎవరికీ వెరవని మనిషి. కోటగుళ్ల దగ్గరికి వస్తే మాత్రం బయటి గోడ కాడే ఆగిపోయేది. పాతికేళ్లుగా అంతే.

పాతికేళ్ల కిందట ఒక ఏడు నాట్లప్పుడు ఆమెకు నెలలు నిండాయి. మగడు భోజ్యా పట్నంలో మట్టిపనికి పోయాడు. పొలం నుంచి వస్తుంటే వాన, నొప్పులు ఒక్కసారే పట్టుకున్నాయి. తోటి కూలీ పోశమ్మ ఆమెను పట్టుకుని, ముళ్లకంప తోసుకుంటూ కోటగుళ్లలోకి తీసుకుపోయింది. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి గుళ్లవి. నడుమ పెద్ద శివాలయం, చుట్టూ ఇరవై దాకా చిన్న గుళ్లు. అప్పటికి సగం కూలి, దీపం పెట్టే దిక్కులేక పడి ఉండేవి. కప్పు నిలిచిన ఒక చిన్న గుడిలో గంగి ఆడపిల్లను కన్నది. పోశమ్మ తన చీర కొంగు చింపి బిడ్డను చుట్టింది.

మరుసటేడు వానలు పడలేదు. గణపసముద్రం చెరువు అడుగంటింది. "గుడిల పురుడు పోసుకుంటే దేవుడు ఊకుంటడా?" అని ఊళ్లో ఎవరో అన్నారు. ఆ మాట గంగి గుండెల్లో దిగబడిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చెరువు నిండి మత్తడి దుంకినా అది బయటికి రాలేదు. గుళ్లలో కంప కొట్టించారు, పూజలు మళ్లీ మొదలయ్యాయి, శివరాత్రికి జనం విరగబడ్డారు. గంగి గోడ అవతలి నుంచే దండం పెట్టుకునేది.

అప్పటి బిడ్డే సుమ. ఇప్పుడు భూపాలపల్లి దవాఖానలో నర్సు. మొన్న కార్తీకంలో మూడు నెలల కొడుకును ఎత్తుకుని వచ్చి, "నేను పుట్టిన జాగ సూపియ్యే" అని పట్టుబట్టింది. గంగి గోడ దాకా వచ్చి కూలబడింది. సుమ పోయి పూజారికి సంగతంతా చెప్పింది. ఆయన బయటికి వచ్చాడు.

"లోపటికి రా అవ్వా."

"మైల జేసిన అయ్యా. నాతోనే చెరువెండింది."

పూజారి ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఒక్క దేవునికే అయితే గిన్ని మండపాలు ఎందుకు కట్టిండ్రే? ఎండకు, వానకు వచ్చినోళ్లు కూసునేతందుకు గాదా? ఎన్నేండ్లో ఈడ మనిషి అలికిడి లేకుండె. నీ బిడ్డ ఏడుపన్న ఇనబడ్డది."

"గీ మాట అప్పుడు ఒక్కలన్న అంటే ఎంత బాగుండు!" అంది గంగి. ఆమెకు కోపమే వచ్చింది. ఏడుపు ఆ వెనక వచ్చింది. పోశమ్మ బతికుంటే ఇది వినేది.

చివరికి గంగి సుమ చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. ఆ చిన్న గుడి గుర్తుపట్టడానికి చాలాసేపే పట్టింది.

"గింత ఇరుకుల ఎట్ల కన్నవే?" అంది సుమ.

"వాన గప్పుడు గట్ల కొట్టింది మరి" అంటూ గంగి మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని, చల్లటి రాతి గడప మీద కూర్చుంది.