పెళ్లి బంతిలో సోడియం

మొన్న ఎలక్ట్రానిక్ సిటీలో, మా బ్యాటరీల ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెబుతున్నాను. లిథియం గాలి సోకితే చాలు నల్లబడిపోతుందేం సార్ అని ఒకమ్మాయి అడిగింది. "రెండో బంతిలో ఒక్కడే కూర్చున్నాడు కదమ్మా, వాడికి నిలకడ ఎక్కడుంటుంది?" అనేశాను. పిల్లలు ముఖాలు చూసుకున్నారు. అది నా మాట కాదు, మా వదినది. చెప్పకపోతే ఆమె సొత్తు కాజేసినట్టవుతుంది.

యలహంకలో అన్న పెళ్లిళ్లకి వంటలు ఒప్పుకునేవాడు. వడ్డనంతా వదిన పెత్తనం. పద్దెనిమిదో ఏట సెకండ్ పీయూసీలో, అంటే ఇంటర్ రెండో ఏడులో, ఆమెకి కెమిస్ట్రీ ఒక్కటే పోయింది, ఆ ఏడే పెళ్లయిపోయింది. నలభయ్యో ఏట ఉన్నట్టుండి పట్టుదల పుట్టింది. ఆ ఒక్కటీ గట్టెక్కితే ఫార్మసీ డిప్లొమా చదివి మందుల షాపు పెట్టుకోవాలని ఆశ. ఈసారి పోతే మళ్లీ పుస్తకాల ఊసెత్తకూడదని అన్న ముందే షరతు పెట్టాడు. చదువు చెప్పే పూచీ నా మీద పడింది. నాకేమో ముక్కు మీద కోపం. వలయాలు గీశాను, ఎలక్ట్రాన్లకి గుర్తుగా చుక్కలు పెట్టాను, బయటి కక్ష్య బయటి కక్ష్య అని గొంతు చించుకున్నాను. "స్వల్ప తాళప్పా, కొంచెం ఆగు, ఆ చుక్కలు ఎందుకట్లా ఎగరతాయో చెప్పు" అనేది వదిన. పుస్తకంలో అలాగే ఉందనడం తప్ప నాకూ తెలియదు. చివరికొకరోజు, నీకిది ఎక్కదులే వదినా అనేశాను. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో, ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆమె పుస్తకం మూసి, చింతపండు నానబెట్టడానికి వెళ్లిపోయింది.

పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా యలహంకలోనే ఒక పెళ్లి. మనుషులు తక్కువై నా చేతికీ నెయ్యి గిన్నె ఇచ్చారు. భోజనాల హాల్లో ఎడమ పక్క మగపెళ్లివారు, కుడి పక్క ఆడపెళ్లివారు. రెండు పక్కలా వడ్డన గుమ్మం దగ్గర ఇద్దరు పట్టే చిన్న బల్ల, దాని వెనక ఎనిమిదేసి మంది పట్టే బల్లలు. ముందు బల్ల నిండందే వెనక బల్లకి ఎవరూ పోకూడదు, బల్ల నిండందే వడ్డన మొదలవకూడదు. వదిన చట్టం అది, పెళ్లికొడుకు తండ్రికైనా మినహాయింపు లేదు. ఆ రోజు ఎడమ పక్క చివరిదైన మూడో బల్ల దగ్గర ఒకే ఒక పెద్దమనిషి. ఆకు మీద నీళ్లు చల్లుకుని కూర్చోలేక, లేవలేక అవస్థ పడుతున్నాడు. కుడి పక్క మూడో బల్లకి ఏడుగురు, ఒక ఆకు ఖాళీ. ఆకలి మీదున్నారేమో, దారిన పోయే ప్రతివాణ్ణీ రమ్మని చేతులూపుతున్నారు.

"అన్నా, ఆడ ఒగ ఆకు ఖాళీగా ఉండాది, పోయి కూసో" అంది వదిన ఆ పెద్దమనిషితో. ఆయన ఒక్క ఉదుటున వెళ్లి కూర్చున్నాడు. రెండు పక్కలా గోల సద్దుమణిగింది. ఆకు చివర మొదటగా ఉప్పు వడ్డించాలి కదా, వదిన ఉప్పు పళ్లెం పట్టుకుని వచ్చి మధ్యలో ఠక్కున ఆగిపోయింది. నన్ను మోచేత్తో పొడిచింది.

"ఆ పక్క సోడియం, ఈ పక్క క్లోరినప్పా. ఆయప్ప ఈడికొచ్చినాడు, ఇద్దరికీ కుదురు పడె. ఇద్దరూ కలిసిందే ఇది" అని పళ్లెం చూపించింది.

ఆ పళ్లెం వంకే చూస్తూ నెయ్యి ఒకాయన చొక్కా మీద పోశాను. ఆమె నన్ను పట్టించుకునే స్థితిలో లేదు. ఎడమ పక్క మిగిలిన నిండు బల్లల వైపు చూపిస్తూ, "వీళ్లు నియాను. బంతి నిండినోళ్లు తలెత్తి ఎవురినీ సూడరు" అంది. అన్న గుమ్మంలోంచి అన్నం ఆరిపోతోందని కేకలేస్తున్నాడు. సోడియం కన్నా పొటాషియం ఎందుకు దుడుకో చెప్పు చూద్దాం అన్నాను, నేనూ ఆగలేక. ఒక్క క్షణం హాలంతా కళ్లతో కొలిచింది. "ఆ ఒంటోడు ఇంగొక బల్ల ఎనక్కి కూసున్నాడనుకో. గుమ్మానికి దూరం. సాంబారు వాసన గూడా తగలదు. వాణ్ణి పట్టి నిలిపేది ఏముండాది? ఎవురు పిలిసినా పోతాడు." కేంద్రకానికి దూరమైన కొద్దీ పట్టు సడలుతుందని ఎమ్మెస్సీలో బట్టీ పట్టినవాణ్ణి నేను. అర్థం కావడమంటే ఏమిటో ఆ పూట, నెయ్యి గిన్నెతో నిలబడి తెలుసుకున్నాను. ఆ రెండు వారాలూ వదిన దారిలో కనిపించిన ప్రతి మూలకాన్నీ బంతిలో కూర్చోబెట్టింది. ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా భోంచేసింది లేదు.

వదిన పాసైంది. ఫోనులో ఫలితం చూసి ఇల్లంతా గంతులేసింది నేనే. అన్న చిక్కపేట పోయి ఆమెకి చీర తెచ్చాడు. వదిన మాత్రం వంటింటి గట్టుకి ఆనుకుని అలాగే నిలబడింది. "ఇంత సులువుదాన్ని అప్పుడెవురూ చెప్పలే గదప్పా. ఆ పిల్ల మూడు దినాలు అన్నం తినకుండా ఏడ్సింది, తనకి బుర్ర లేదని" అంది. పద్దెనిమిదేళ్ల తనని గురించే ఆ మాట. డిప్లొమా అయింది, యలహంకలో ఇప్పుడు ఆమె మందుల షాపు నడుస్తోంది, మేమంతా గర్వంగా చెప్పుకుంటాం. అయినా నీకు బుర్ర ఉందమ్మా అని ఆ పిల్లకి ఒక్క మాట చెప్పి రావాలనిపిస్తుంది. కాలంలో అంత వెనక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చోవడం ఎవరి తరం?