రాక్షసిబల్లికి నేను పెట్టిన మూడు వేళ్లు

నవ్వకుండ్రి! ఇయ్యాల నా నౌకరి ఊడినంత పనైంది. ఊడిందో లేదో గూడ ఇంక ఎర్కలే. జర ఛాయ పొయ్యిండ్రి, చెప్త.

మా సైట్ల రాళ్లు, ఎముకలు ఏరుకునే ఇంగ్లీషు సాబు ఉన్నడు గదా. ఆయనకు వాళ్ల దేశం నుంచి ఒక పెట్టె వచ్చింది. నిండ రాక్షసిబల్లి ఎముకలకు ప్లాస్టర్‌తోటి పోసిన నమూనాలు. చిన్న జాతట. చిన్నదంటే ఏంది, నోట్లె పండ్లు జూస్తేనే నాకు చెమటలు పట్టినయ్! ఈడ దొరికిన ఎముకలు దాని పక్కన పెట్టి, ఏ జాతివో చూస్తడట.

"ఈ బల్లి చెయ్యి జాగ్రత్తగ లోపల పెట్టు" అని సైగలతోటి చెప్పి సాబు భోజనానికి పోయిండు. గడప తట్టుకున్న. చెయ్యి కిందవడ్డది! లేపి చూస్తే రెండే వేళ్లు!

మిగిలిన మూడు వేళ్ల కోసం ఇసుకంత జల్లెడ పట్టిన. దొరకలే. మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్ వచ్చి చూసిండు.

"అరె మియా, సాబు చూస్తే వీసా క్యాన్సిల్! సీదా ఇంటికే!"

నేను ఈ దేశం వచ్చి నాలుగు నెలలే గదరా. ఏ మొఖం పెట్టుకొని ఊరికి పోవాలె? మేస్త్రీని గదా, ప్లాస్టర్ కలిపిన. మూడు వేళ్లు చేసి అతికిచ్చిన. గోర్లు గూడ పెట్టిన! రంగు కలవాలెనని ఛాయ డికాషన్ పూసిన.

మూడు గంటలకు సాబు ఇంకో సాబును తోల్కొచ్చిండు. ఆ కొత్తాయన బల్లి చెయ్యి చూసి మా సాబుతోటి కొట్లాటకే దిగిండు. నేను తలుపు ఎన్కకు నక్కిన. ఖాదర్ భాయ్ చెవుల ఊదిండు: "ఈ బల్లి ఖాందాన్‌కు రెండే వేళ్లట మియా! ఐదుంటే ఖాందానే వేరేనట!"

అంటే పడ్డప్పుడు ఒక్క పెచ్చు గూడ ఊడలే! ఉరికొచ్చి సాబు ముందల చేతులు జోడిచ్చి అంతా చెప్పిన. ఖాదర్ భాయ్ ఇంగ్లీషుల చెప్పిండు.

సాబు ఉలి చేతికిచ్చి, ఆ మూడు తీసెయ్యమని సైగ చేసిండు. ఒకటి తీసిన. రెండు తీసిన. మూడోది గట్టిగ పట్టింది, జర జోరుగ కొట్టిన. ఊడింది. దాంతోని ఒక అసలు వేలు గూడ ఊడింది!

ఇప్పుడు దానికి ఒక్కటే వేలు. సాబు నన్ను రేపు పొద్దుగాల ఆఫీసుకు రమ్మన్నడు. నవ్వుడు ఆపుండ్రిరా! నన్ను ఇంటికి తోలితే, మన రూముల కిటికి పక్క నా మంచం ఎవరికి గావాల్నో ఇప్పుడే చెప్పుండ్రి.