మిషను వదిలిన ఇరవై ఐదు నిమిషాలు

జులై 31, గురువారం. రాత్రి.
స్థలం: పత్తికొండ రోడ్డు మీద పళ్ళ గుజ్జు ఫ్యాక్టరీ.
ఉన్నవాళ్ళు: నేను. గుజ్జు లైను నడిపే లక్ష్మన్న. కర్నూలు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇమ్రాన్. గేటు దగ్గర వాచ్‌మన్... అతను లోపలికి రాలేదు.

ఆ రాత్రి డైరీలో నేను రాసుకున్న మొదటి వరుసలు ఇవే. నలభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. వాన పడిందని అందులో ఉంటే ఆ రోజు వాన పడినట్టే. నోటితో అబద్ధమాడిన రోజులున్నాయి, ఒకటి ఇందులోనే చెప్తాను. రాతలో మాత్రం ఆడలేదు. కాబట్టి ఇది జరిగింది. నాకే జరిగింది. ఏమిటని అడిగితే మాత్రం... చెప్పలేను.

ముందు నా పని గురించి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు ప్లానింగ్ చూశాను. ఏ ట్యాంకులో ఏ పండు, ఏ లైను ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపి కడగాలి... అన్నీ సాయంత్రం ఆరుకు నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవాణ్ణి. ఆరేళ్ళ కింద రిటైరయ్యాను. ఈ ఏడాది ఆ పని చేయడానికి కంప్యూటర్ వచ్చింది. ఎన్ని లారీలు వచ్చాయి, ఏ ట్యాంకు ఖాళీగా ఉంది, కడగడానికి ఎంతసేపు... అన్నీ అదే చూసుకుని, అదే షెడ్యూలు వేస్తుంది. తెర మీద రంగు పట్టీలు వస్తాయి. మామిడికి పసుపు, కడుగుడుకు నీలం, టమోటాకు ఎరుపు.

అయితే దానికి పాత లెక్కలు నేర్పాలి. ఏ పనికి నిజంగా ఎంతసేపు పట్టేదో కావాలి. అందుకే మేనేజరు మేడం నన్ను పిలిపించింది. "పెద్దాయనా, మీ డైరీలే మాకు దిక్కు" అంది. ఇమ్రాన్ నెల రోజులు నా పక్కన కూర్చున్నాడు. నేను చదివేది, అతను కంప్యూటర్లో కొట్టేది.

నేను ఆఖరి మూడేళ్ళ డైరీలే ఇచ్చాను.

"పాతవి లేవా సార్?" అన్నాడు ఇమ్రాన్.

"చెదలు పట్టినాయి నాయనా" అన్నాను.

చెదలు పట్టలేదు. అన్నీ ఇంట్లో బీరువాలో ఉన్నాయి, ఏడాది వారీగా. ఇవ్వకపోవడానికి కారణం ఒక మనిషి. దేవదానం.

దేవదానం మా గుజ్జు లైను ఆపరేటరు. ఆలూరు దగ్గర పల్లె. జులై ఆఖర్లో మామిడి అయిపోయి టమోటా మొదలయ్యే రోజు మాకు పెద్ద పరీక్ష. పైపుల్లో మామిడి వాసన పిసరంత మిగిలినా టమోటా పేస్టు పాడవుతుంది. కాస్టిక్ సోడాతో ఒకసారి, వేడినీళ్ళతో రెండుసార్లు కడిగేవాళ్ళం. ఆ తర్వాత దేవదానం వచ్చేవాడు. లైను చివర చిన్న కొళాయి ఉంటుంది. ఆఖరి నీళ్ళు స్టీలు గ్లాసులో పట్టి, చల్లారేదాకా ఆగి, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని... గుళగుళ. నీళ్ళు పోయే మోరీలో ఉమ్మేసేవాడు. అట్లా మూడుసార్లు. అంతా కలిపి ఇరవై ఐదు నిమిషాలు.

"ప్రార్థన చేస్తాండావా, రుచి చూస్తాండావా?" అని నేను ఎగతాళి చేసేది.

"నువ్వు బోర్డు మీద రాసే తప్పులన్నీ మాఫీ చేయమని దేవుణ్ణి అడుగుతాండా అప్పా" అనేవాడు.

ఆ తర్వాత తీర్పు. "ఇంగా మామిడి ఉండాదప్పా. ఇంగో సుట్టు కడుగు." లేదంటే, "పోనీ. ఎర్రపండు ఎక్కించు." ఇరవై నాలుగేళ్ళలో అతని మాట తప్పింది నేను చూడలేదు. నా డైరీల్లో ఆ రోజుల కింద 'దే. రుచి, 25' అని ఉంటుంది.

నా ఆఖరి మూడేళ్ళలో కడిగిన నీళ్ళను కొలిచే మీటర్ తెప్పించాను. నీళ్ళు శుభ్రమైతే అంకె పడిపోతుంది, పచ్చ దీపం వెలుగుతుంది. నేను బోర్డు మీంచి ఆ ఇరవై ఐదు నిమిషాలు కొట్టేశాను. కొట్టేసి ఊరుకోలేదు. పదిమంది ముందు అన్నాను. "దేవదానం, ఇంగ నీ నాలుకతో పని లేదు. మీటర్ నయం."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. గ్లాసు కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు. మరుసటి రోజు నుంచి నన్ను 'అప్పా' అనలేదు. 'సార్' అన్నాడు. "సరే సార్." "అట్లే సార్." మూడేళ్ళు. తర్వాత ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. రెండేళ్ళ కింద గొంతులో జబ్బొచ్చి పోయాడని తెలిసింది. ఆ రోజు పత్తికొండ బస్టాండుకు వెళ్ళాను. ఆలూరు బస్సు వచ్చింది. నిండింది. వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

అందుకే ఆ డైరీలు ఇవ్వలేదు. ఇంకొకరి ముందు ఆ పేరు చదవాల్సి వస్తుందని.

ఇప్పుడు ఆ రాత్రి.

కంప్యూటర్ షెడ్యూలుతో మామిడి నుంచి టమోటాకు మారడం అదే మొదటిసారి. పత్తికొండ మార్కెట్ నుంచి మూడు లారీల టమోటా వచ్చి ఆవరణలో నిలబడి ఉంది. మేడం నన్ను కూడా ఉండమంది. సాయంత్రం వేసిన షెడ్యూలు ప్రకారం ఒంటిగంటా పదికి కడుగుడు అయిపోవాలి. ఆ నిమిషానికే టమోటా ఎక్కాలి. నీలం పట్టీ పక్కనే ఎరుపు పట్టీ, అంటుకుని ఉన్నాయి. నా కళ్ళతో చూశాను.

పదకొండు దాటాక ఇమ్రాన్ పిలిచాడు. "సార్, ఇదేంది?"

నీలానికీ ఎరుపుకూ మధ్య తెల్లగా సందు. ఒంటిగంటా పది నుంచి ఒంటిగంటా ముప్పై ఐదు దాకా. పేరు లేదు. పని లేదు. ఉట్టి ఖాళీ.

"నేను పెట్టలేదు సార్" అన్నాడు. తీసేశాడు. మళ్ళీ లెక్క వేయించాడు. తెర ఒకసారి నల్లబడి, వెలిగింది. ఖాళీ అక్కడే ఉంది.

"అరే... మళ్ళా వచ్చింది."

మూడుసార్లు తీశాడు. మూడుసార్లూ వచ్చింది. లక్ష్మన్న తొంగిచూసి నవ్వాడు. "మిషనుకు గూడా టీ టైం కావల్లేమో సార్. మనమే యిస్తాలేదు." లక్ష్మన్న చేరింది దేవదానం వెళ్ళిపోయాకే. అతనికేమీ తెలియదు.

ఇమ్రాన్ తల గోక్కున్నాడు. "మీ డైరీల నుంచే నేర్చుకుని ఉంటాది సార్. అప్పట్లో ఇట్ల ఇరవై ఐదు నిమిషాలు ఏమన్నా ఆపేవాళ్ళా?"

నేనిచ్చిన మూడు డైరీల్లో అది లేదు. ఒక్క చోట కూడా లేదు. ఏరి మరీ ఇచ్చినవాణ్ణి నేనే.

"ఏమో నాయనా" అన్నాను.

"సర్లే, ఇరవై ఐదు నిమిషాలే గదా. పోనీండి" అన్నాడు ఇమ్రాన్.

ఒంటిగంటా పది.

కడుగుడు పంపు ఆగింది. అంతసేపూ చెవుల్లో మోగిన మోత ఒక్కసారిగా పోయింది. మీటర్ మీద పచ్చ దీపం. ఇమ్రాన్ కంప్యూటర్ ఉన్న అద్దాల గదిలో ఉన్నాడు. లక్ష్మన్న బయట లారీల దగ్గరికి పోయాడు. షెడ్డులో నేనొక్కణ్ణే. వేడెక్కిన పైపులు చల్లబడుతున్నాయి. టిక్... టిక్... ఇనుము సర్దుకుంటున్న చప్పుడు. ఎక్కడో నీటిచుక్క. టప్... చాలాసేపు... టప్.

ఎందుకు నడిచానో తెలియదు. లైను చివరికి నడిచాను.

పది అడుగుల దూరంలో ఉండగా విన్నాను.

గుళగుళ...

ఆగాను.

నోట్లో నీళ్ళు తిప్పే చప్పుడు. పైపులో నీళ్ళు అట్లా చప్పుడు చేస్తాయి, నాకు తెలుసు. ఇరవై ఏడేళ్ళు ఆ పైపుల మధ్య బతికినవాణ్ణి. పైపు చప్పుడు దూరంగా, బోలుగా ఉంటుంది. ఇది దగ్గరగా ఉంది. బుగ్గల మధ్య ఉంది. తర్వాత... మోరీలో నీళ్ళు పడ్డ చప్పుడు. ఒకసారి.

కదల్లేదు.

గుళగుళ... మళ్ళీ మోరీలో. రెండుసార్లు.

మూడోది వినాలని నిలబడ్డాను. ఊపిరి కూడా బిగబట్టాను. నిజం రాస్తున్నాను, ఆ నిమిషాన నాకు భయమే. కానీ ఆ చప్పుడు ఇంక రాదేమోనన్న భయం దానికంటే పెద్దదిగా ఉంది.

మూడోది రాలేదు.

కొళాయి దగ్గరికి వెళ్ళాను. ఎవరూ లేరు. కొళాయి పావు తిప్పు తెరిచి ఉంది. దారంలా సన్నగా నీళ్ళు కారుతున్నాయి. మోరీ అంచున సిమెంటు తడిగా ఉంది. కొళాయి కారితే తడవదా అంటే... తడుస్తుంది. నేనూ అదే అనుకున్నాను.

దోసిలి పట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. నోట్లో పోసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. మామిడి ఉందా? ఉన్నట్టుంది. లేనట్టూ ఉంది. అరవై ఆరేళ్ళ నాలుక. అది రుచో, రుచి ఉండాలన్న ఆశో తేల్చుకోలేకపోయాను. ఉమ్మేశాను.

"దేవదానం" అన్నాను. మెల్లగానే అన్నాను. "ఏమంటావప్పా? ఇంగా ఉండాదా?"

నీటిచుక్క చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఒక్క మాట చెప్పు. తిట్టు. ఏమన్నా అను."

ఎంతసేపు నిలబడ్డానో... గడియారం చూసుకోకపోవడం నా జీవితంలో అదే మొదలు. అద్దాల గదిలోంచి ఇమ్రాన్ కేక వేశాడు.

"సార్! ఇట్ల రాండి సార్!"

పరుగులాంటి నడకతో వెళ్ళాను. తెర మీద తెల్ల ఖాళీ అయిపోయింది. ఒంటిగంటా ముప్పై ఐదు. దాని పక్కన ఉండాల్సిన ఎరుపు రెండు గంటలకు జరిగింది. మధ్యలో కొత్తగా నీలం. కడుగుడు. ఇంకొక చుట్టు.

"నేను కీబోర్డు కూడా ముట్టలేదు సార్. ఖుదా కసమ్." ఇమ్రాన్ మొహం పాలిపోయింది. "మీటర్ బాగుంది అంటాది, ఇదేమో కడగమంటాది. లారీల్లో కాయ మెత్తబడతాది. మేడంకు ఫోన్ చేద్దామా? ఏం చేద్దాం చెప్పండి."

లక్ష్మన్న తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు.

"కడుగు" అన్నాను.

"సార్, మీటరు..."

"మీటర్ను నేనే తెచ్చి పెట్టినాను లక్ష్మన్నా. నేనే చెప్తాండా. కడుగు."

పంపు మళ్ళీ మోగింది. రెండో కడుగుడు నీళ్ళు మొదట వచ్చినప్పుడు లక్ష్మన్న గాజు గ్లాసులో పట్టి ట్యూబులైటుకు అడ్డం పెట్టాడు. "రవ్వంత పసుపు లేదూ సార్?" అన్నాడు. ఇమ్రాన్ చూసి, ఆ లైటు వెలుగులో అన్నీ పసుపేనన్నాడు. గ్లాసు చేతులు మారుతుండగానే నీళ్ళు చల్లారిపోయాయి. రెండు గంటలకు టమోటా ఎక్కింది. తెల్లారేదాకా లైను సాఫీగా నడిచింది. ఇంకేమీ జరగలేదు.

మరుసటి ఉదయం. ఆగస్టు 1, శుక్రవారం.

ఇమ్రాన్ కంప్యూటర్లో రాత్రి జరిగిందంతా తిరగేశాడు. ఆ ఖాళీని ఎవరో పెట్టినట్టు లేదు. అది తనంతట తాను ఎందుకు వేసిందో కూడా లేదు. తన కంపెనీ పైవాళ్ళకు రాసి కనుక్కుంటానన్నాడు. నేను అప్పుడు చెప్పాను. "పాత డైరీలకు చెదలు పట్టలేదు నాయనా. ఇంట్లో ఉండాయి. రేపు తెస్తా." ఎందుకు అబద్ధమాడానని అతను అడగలేదు. రాత్రి నా మొహం చూసినవాడే కదా.

ఇంటికి పోలేదు. ఆలూరు బస్సెక్కాను.

వాళ్ళ పల్లెలో దేవదానం ఇల్లు అడిగితే చర్చి వెనక సందులో చూపించారు. అతని భార్య సుగుణమ్మ అరుగు మీద వేరుశనక్కాయలు వలుస్తోంది. పేరు చెప్పాను. తలెత్తి చూసింది.

"బోర్డు రాసే సారువా?"

"అవునమ్మా."

"ఇన్ని దినాలకు దావ దొరికిందా సార్ నీకు?" అంది. కోపంగా అనలేదు. పక్కన చోటు చూపించింది. "కూసో. యాడ నుంచి వచ్చినావో ఏమో, మొగమంతా పీక్కపోయుండాది."

కూర్చున్నాను. రాత్రి సంగతి చెప్పడానికి వచ్చాను. కానీ ఇంకొకటి అడిగాను. ఆరేళ్ళుగా... కాదు, తొమ్మిదేళ్ళుగా అడగాలనుకుంటున్నది.

"నా గురించి ఎప్పుడన్నా ఏమన్నా చెప్పినాడామ్మా?"

సుగుణమ్మ కాయ వలవడం ఆపి ఆలోచించింది. నన్ను సంతోషపెట్టాలని ఆలోచించడం కాదది, నిజంగా గుర్తు చేసుకోవడమే.

"ఏమో సార్. ముందరైతే చెప్పినట్టు గుర్తు లేదు. ఆఖర్న గొంతు తీసేసినారు గదా. మాట లేదు. మనవరాలి పలక మీద రాసేటోడు. పాప ఇంట్లో ఉంటే సదివి చెప్పేది."

"పాప లేనప్పుడు?"

"లేనప్పుడు గూడా రాసేటోడు. శానా రాసేటోడు. నాకేమో సదువు రాదు. ఇంతింత రాసి, నా ముందర పెట్టి, నా మొగంలోకి చూసేటోడు." ఆమె చేతిలోని పప్పులు చేటలో వేసింది. "నేను తల ఊపేదాన్ని. అప్పుడు తుడిచేసేటోడు."

ఎండ అరుగు మీదికి వస్తోంది. ఆమె నా వైపు చూసింది, నాకు అర్థమైందా అన్నట్టు.

నేను తల ఊపాను.