సత్తు గిన్నెలో చింతపిక్కలు

మొన్న బజారులో తోపుడుబండి మీద కొత్త చింతపండు, పిక్క తీయనిది, కనబడితే ఆగలేక రెండు కిలోలు తెచ్చేశాను. ఒక్క మనిషికి రెండు కిలోల చింతపండు దేనికని అడిగేవాళ్లు ఇంట్లో లేకపోతే ఇలాగే ఉంటుంది. మా ఆయన ఉన్నప్పుడైతే సాయంత్రం దాకా నన్ను ఆటపట్టించేవారు. తెచ్చాక తప్పుతుందా అని, పొద్దువాలే వేళ వరండాలో పీట వేసుకుని, పండు పళ్లెంలోకీ పిక్కలు గిన్నెలోకీ వేస్తూ కూర్చున్నాను. మొదటి పిక్క గిన్నెలో పడి టక్కుమంది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో లెక్క కూడా అందలేదు.

మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో మిషను చర్చి వెనక పెంకుటింట్లో బతుకంతా గడిపిన మనిషి. చదువు రాదు. కీర్తనలన్నీ వినికిడితోనే వచ్చు, ఒక్కో చరణంలో తన సొంత మాటలు కూడా కలిపి పాడేది. పగలంతా ఎవరి పొలంలోనో నాట్లు, కలుపులు, ఇంటికొచ్చాక వంట, పొద్దు పోయాక కుటుంబ ప్రార్థన. మా వైపు ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట నా ఈడువాళ్లకి తెలిసే ఉంటుంది. మామ్మకి ఆ అలవాటు గట్టిగానే ఉండేదట, నాన్నగారికి చిన్నప్పుడు విషజ్వరం వచ్చి తగ్గిన రోజున మానేసిందట. చుట్టలు పోయాయి గానీ చుట్టల సంచి మాత్రం ఉండిపోయింది. అందులో చింతపిక్కలు పోసి పెట్టుకునేది.

లాంతరు వెలిగించి, చాప పరిచి, అందరం చుట్టూ చేరాక మామ్మ ఆ సంచి ఒళ్లో పెట్టుకుని పేర్లు మొదలుపెట్టేది. ఒక్కో పేరు పైకి చెప్పి, ఆ మనిషికి కావలసినదేదో దేవుడికి ఒక ముక్కలో విన్నవించి, ఒక్కో పిక్క ఎదురుగా ఉన్న సత్తు గిన్నెలో వేసేది. పెదనాన్నతో మొదలై, అత్తలు, వాళ్ల పిల్లలు, ఆ తర్వాత మేము. అన్నయ్య తర్వాత నేను, నా తర్వాత చెల్లి. ఆ వరస ఏనాడూ తప్పేది కాదు. మా తర్వాత ఊరు మొదలయ్యేది. చేపలమ్మే ఆవిడ మోకాళ్లకి ఒక పిక్క, ఎదురింటి రైతుగారి కోడలికి నెలలు నిండాయని ఒక పిక్క. ఒక ఏడాది ఆ రైతుగారి గేదె ఈనలేక అవస్థ పడుతుంటే దానికీ ఒక పిక్క పడింది. వాళ్లు హిందువులు, మేము క్రైస్తవులం, అది గేదె. మామ్మకి ఆ తేడాలు పట్టేవి కావు. అవతల అన్నం చల్లారిపోతున్నా ఆవిడ సంచి ఖాళీ అయ్యేది కాదు, మేం పిల్లలం ఆకలితో ఒకరినొకరం గిల్లుకునేవాళ్లం.

ఒకసారి పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి ఇది చూసి ఇబ్బంది పడ్డారు. పూసలు తిప్పినట్టుంది, మన సంఘంలో ఇలాంటివి లేవమ్మా అని మెత్తగానే చెప్పారు. మామ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చి, తనూ మెత్తగానే అంది. "నాకు సదువు రాదు అయ్యగారూ. ఒక్కడ్ని మరిసిపోయినానంటే, రేపు ఆడికేటైనా అయితే ఆడి తల్లికి నేనేటి సెప్పీది?" అయ్యగారు మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఆ రాత్రికి ఆయన పేరున కూడా ఒక పిక్క చేరింది. అందరికీ ఉంది, నీకు పిక్క లేదేమని నేనొకసారి అడిగితే నవ్వింది. "నాకెందుకే? రోజూ దేవుడికి ఎదరగా కూకుని మాటాడతన్నాను, ఆయనకి నేను తెలీనేటి?"

చదువు అయ్యాక నాకు కొత్తవలసలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన అక్కడి రైలు స్టేషనులో గుమస్తా. రామతీర్థం వైపు రైతు కుటుంబం, వాళ్లది రాముడి గుడి, మాది మిషను చర్చి. ఇంట్లో చెబితే ఏమవుతుందో తెలిసే రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని, ఆ తర్వాత ఒక ఉత్తరం రాశాను. నాన్నగారు సంఘ పెద్ద. పదిమందికి బుద్ధి చెప్పే మనిషి ఇంట్లోనే ఇలా జరిగితే ఆయన తల ఎలా ఎత్తుకుంటారో నేనప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఈ ఇంట్లో ఇక దాని పేరు ఎవరూ ఎత్తకూడదన్నారట. అత్తవారి వైపు కూడా మాకు గుమ్మం దాకానే మర్యాద. ఎనిమిదేళ్లు అలా ఇద్దరమే ఉన్నాం, పిల్లలు కలగలేదు. మామ్మకి రాద్దామా అంటే, ఆ ఉత్తరం చదివి వినిపించాల్సింది నాన్నగారే. సాయంత్రం దీపం పెట్టేవేళ ఖనిజం గూడ్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే, మా ఇంట్లో ఈపాటికి అన్నయ్య పేరు అయిపోయి చెల్లి పేరు వస్తూ ఉంటుందని, మధ్యలో నేనున్న చోటు పూడిపోయి ఉంటుందని అనుకుని ఏడ్చేదాన్ని.

పూడలేదట. అదంతా తర్వాత అమ్మ చెప్పింది. నాన్నగారు అలా ఆజ్ఞ వేసిన రోజున మామ్మ కొడుక్కి ఎదురు చెప్పలేదు. సాయంత్రం ఎప్పటిలాగే చాప మీద కూర్చుంది. అన్నయ్య పేరు చెప్పి పిక్క వేసింది. తర్వాత నోరు మూసుకుని, గిన్నెలో టక్కు టక్కుమని రెండు పిక్కలు వేసి, చెల్లి పేరు అందుకుంది. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. పేరు ఎత్తలేదు కాబట్టి నాన్నగారు అనడానికేమీ లేకపోయింది. కొన్నాళ్లకి సరిగ్గా ఆ చోటే ఆయనకి దగ్గు రావడం మొదలైందట. ఆయన ఎంత దగ్గినా, అది ఆగేదాకా పిక్కలు చేత్తో పట్టుకుని ఉండి, అప్పుడు వేసేదట. ఎనిమిదేళ్లూ రోజూ ఇదే.

ఆ తర్వాత మామ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఎడం చెయ్యి మాత్రం ఆడేది. ఆ సాయంత్రం సంచి తెచ్చి ఒళ్లో పెట్టమని సైగ చేసిందట. పేర్లు నాన్నగారు చెప్పాలి, పిక్కలు తను వేస్తుంది. చర్చిలో అరగంట ప్రార్థన అవలీలగా చేసే మనిషికి ఇంటి వరస రాక అత్తల దగ్గరే తడబాటు. ఎలాగో అన్నయ్య దాకా వచ్చి, చెల్లి పేరు చెప్పారు. పిక్క పడలేదు. వినబడలేదేమోనని గట్టిగా చెప్పారు. మామ్మ పిడికిలి విప్పలేదు, కొడుకు ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. అన్నయ్య పిల్లలు ఆకలంటున్నారు, అమ్మ తల దించుకుని కూర్చుంది, ఎవరూ లేవడానికి లేదు. చాలాసేపటికి నాన్నగారు నా పేరు గొణిగారట. మామ్మ వినబడనట్టే చూసిందట. ఆయన మళ్లీ, ఈసారి అందరికీ వినబడేలా చెప్పారు. టక్కుమంది.

రెండో పిక్క చేతిలోనే ఉంది. నాన్నగారు అమ్మ వైపు తిరిగి, "ఆ గుంటడి పేరేటే?" అని అడిగారట. అమ్మ చెప్పింది. ఆ పేరు ఇన్నేళ్లు ఎలా గుర్తు పెట్టుకుందో ఆయన అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. "నాన్న తీసుకురమ్మన్నాడే. బావని కూడా. బేగి బయలెల్లు" అన్నాడు. నాన్నగారు వాకిట్లోనే ఉన్నారు. నాతో మాట్లాడలేదు, మా ఆయన చేతిలో గొడుగు అందుకుని తీసుకెళ్లి చూరుకి తగిలించారు. మామ్మ ఎడం చేత్తో నా ముఖమంతా తడిమింది. ఆ సాయంత్రం నాన్నగారి గొంతులో మా ఇద్దరి పేర్లూ విన్నాను. మామ్మ ఇంకో మూడు వారాలు ఉంది, అన్నం నేనే కలిపి పెట్టాను. ఆవిడని భూస్థాపన చేసి వచ్చిన సాయంత్రం చాప పరిచాక, నాన్నగారు ఎవరి పేరూ చెప్పకుండా ముందుగా ఒక పిక్క గిన్నెలో వేశారు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం మా సంఘంలో లేదు. ఆ సంగతి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆయనే.

ఇప్పుడు నాన్నగారు లేరు, అమ్మ లేదు, అన్నయ్య కూడా వెళ్లిపోయాడు. నాలుగేళ్లయింది, మా ఆయనా లేరు. చెల్లి రాయగడలో కొడుకు దగ్గర ఉంది, చెవులు వినబడవు కాబట్టి ఫోనులో మాట సాగదు. ఆ సంచి ఎవరింట్లో ఉందో, అసలు ఉందో లేదో తెలియదు. అన్నయ్య పిల్లలు, చెల్లి పిల్లలు అందరూ కలిసి ఫోనులో ఒక గుంపు పెట్టారు. పొద్దున్నే ఒక బైబిలు వాక్యం, పువ్వుల బొమ్మ, అందరికీ దేవుని దీవెనలు అని వస్తుంది. మంచి పిల్లలే, అందరిలో నేనూ ఉంటాను. కానీ అందరిలో ఉండటం వేరు, అన్నయ్య తర్వాత, చెల్లికి ముందు ఉండటం వేరు. నా పేరు ఇప్పుడు పింఛను కాగితాల మీద చూడటమే గానీ ఒకరి నోట వినడం లేదు.

మొన్న ఆ పీట మీదే కూర్చుని మామ్మ వరస మొదటినుంచి అందుకున్నాను. చాలామటుకు పేరు చెప్పకుండా వేసే పిక్కలే. అన్నయ్యకీ అంతే. నా చోటు వచ్చేసరికి నా పేరు నేనే పైకి అనబోయి సిగ్గుపడ్డాను. నోరు మూసుకుని రెండు పిక్కలు వేసి, చెల్లి పేరు మాత్రం దానికి వినబడాలన్నట్టు గట్టిగా చెప్పాను. ఎనిమిదేళ్లపాటు మామ్మ నా కోసం వేసిన పిక్కల చప్పుడు నేనొక్కటీ వినలేదు, ఇల్లంతా వింది. మొన్నటి చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను.